చాటలో ఆకు, తాంబాళంలో పువ్వు

కరీంనగర్ నుంచి జగిత్యాలకు పోయే తోవలో కొండగట్టు వస్తుంది. చైత్రంలో ఆ తోవంతా అంజన్న దీక్షాపరులతో కాషాయం అవుతుంది. గుట్టకు స్థలపురాణం ఉంది, పాటలున్నాయి, జాతర వచ్చినప్పుడల్లా పత్రికల్లో వ్యాసాలుంటాయి. గుట్టకు అటూ ఇటూ ఉన్న ఊళ్లలో, గోడకు వీపు ఆనించి, ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చేసే ఆడవాళ్ల గురించి తెలుగు కథలో ఏముందని వెతికితే దొరికేది కొద్ది. ఆ కొద్దిలోనూ ఎక్కువ భాగం దగ్గు, క్షయ, అప్పు, తాగొచ్చే మొగుడు.

ఇదే ఆడమనిషి భాద్రపద అమావాస్య నాడు, అంటే పెత్రమాస నాడు, అదే అరుగు మీద తంగేడు, గునుగు కుప్పలు పోసుకొని బతుకమ్మ పేరుస్తుంది. దాని గురించి రాసేవాళ్లు వేరే ఉన్నారు. వాళ్ల రచనల్లో దగ్గు వినిపించదు. పూలు, పాటలు, అత్తాకోడళ్ల నవ్వులు, చెరువులో దీపాల నీడ – ఇవే. రెండు రకాల రచనలూ పక్కపక్కన పెట్టి చదివే విద్యార్థికి అవి ఒకే మనిషి గురించి రాసినవని తట్టదు. ఒకచోట ఆమెకు చేతులే తప్ప మనసు లేదు. ఇంకోచోట మనసే తప్ప కడుపు లేదు.

ఇంటి దగ్గర, చేత్తో, కుటుంబం మధ్యన చేసే పనిలో ఆనందం ఉందా, ఉంటే అది ఎక్కడి నుంచి వస్తుంది అనే ప్రశ్నను ప్రగతిశీల విమర్శ ఇంతకాలం అవతలివాళ్లకు వదిలేసింది. ఆనందం అనే మాట వినగానే అది పాలకవర్గాల భావజాలమని అనుమానపడటం మనకు అలవాటైంది. ఆ అనుమానానికి కారణాలు లేకపోలేదు. ముందు వాటినే చూద్దాం.

కె.ఎన్. కేసరి 1928లో మద్రాసు నుంచి ‘గృహలక్ష్మి’ని తెచ్చిన నాటి నుంచీ తెలుగులో స్త్రీల పత్రికలకు ఒక ఒరవడి ఏర్పడింది. స్త్రీ విద్య, సంస్కరణ ఒక పక్క, ఇంటిని తీర్చిదిద్దుకునే నేర్పు ఇంకో పక్క. తర్వాతి దశాబ్దాల్లో వారపత్రికల మహిళా పేజీలకు వచ్చేసరికి మొదటి పక్క సన్నబడి రెండో పక్క లావెక్కింది. కుట్లు, అల్లికలు, పూసల బొమ్మలు, పాత గాజులతో గుమ్మానికి తోరణం. ఈ పేజీలను ఎగతాళి చేయడం తేలిక. వాటిని చదివి ఏదో ఒకటి చేసి గోడకు తగిలించిన స్త్రీకి కలిగిన సంతోషం మాత్రం అబద్ధం కాదు. అబద్ధం ఎక్కడుందంటే ఆ పేజీలు తరచుగా వాడిన ఒక మాటలో ఉంది: ‘తీరిక వేళల్లో’. ఇంట్లో స్త్రీ చేసేదంతా తీరికలోనే చేస్తుందని, తీరికలో చేసేది పని కాదని, పని కానిదానికి కూలి ఎందుకని – ఈ మూడు మెట్లు ఎక్కడానికి పాఠకులకు ఎంతో సేపు పట్టదు. వర్తకుడికి అసలే పట్టదు.

నర్సాపురం దీనికి సాక్ష్యం. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా పశ్చిమ గోదావరి ప్రాంతానికి వచ్చిన లేసు అల్లిక అక్కడి ఇళ్లలో స్థిరపడింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఆ స్త్రీల మీద చేసిన అధ్యయనం 1982లో లండన్‌లో పుస్తకంగా వచ్చింది. ఆమె చూపించిన విషయం సూటిగా ఉంటుంది. ఆ లేసు సముద్రాలు దాటి పోతుంది, వర్తకులు మేడలు కడతారు, అల్లిన స్త్రీ మాత్రం ‘గృహిణి’గానే ఉండిపోతుంది. ఊరు అలాగే అనుకుంటుంది, ఆమె కూడా అలాగే అనుకుంటుంది. రోజుకు ఆరేడు గంటలు కుచ్చుసూది పట్టిన మనిషి చేసింది పని కాదట, పొద్దుపోవడమట. వారపత్రిక పేజీలో అమాయకంగా కనిపించిన తీరిక అనే మాట నర్సాపురంలో ఎంత లాభం తెచ్చిపెట్టిందో ఆ పుస్తకం చదివినవాళ్లు మరిచిపోలేరు.

బీడీల దగ్గరికి వస్తే ఇదే వాదన న్యాయస్థానం దాకా పోయింది. ఇంటి దగ్గర బీడీలు చేసే కార్మికుల సంగతి సాహిత్య విద్యార్థులకు ఎందుకు అనిపించవచ్చు. కొంచెం ఓపిక పట్టాలి. 1966లో వచ్చిన బీడీ, చుట్ట కార్మికుల చట్టం ఇంటి దగ్గర ముడిసరుకు తీసుకొని బీడీలు చేసేవాళ్లను కూడా కార్మికులుగానే గుర్తించింది. యజమానులు ఆ చట్టం చెల్లదన్నారు. 1974లో సుప్రీంకోర్టు చెల్లుతుందని చెప్పింది. తర్వాత భవిష్యనిధి దగ్గర మళ్లీ పేచీ. ఆ ఆడవాళ్లు తమ ఇళ్లలో కూర్చొని, తమకు వీలైనప్పుడు, ఇంట్లోవాళ్ల సాయంతో చేసుకుంటారు, అక్కడ మా అజమాయిషీ ఎక్కడుంది, వాళ్లు మా ఉద్యోగులెలా అవుతారు అని వాదించారు. మహిళా పేజీ భాషకు న్యాయవాది కోటు తొడిగితే సరిగ్గా ఇలాగే మాట్లాడుతుంది.

1985 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఈ వాదనను తోసిపుచ్చింది. దానికి చూపిన ఆధారం మన విమర్శకులు కళ్లకద్దుకోవలసినంత గొప్పది. ఆకు, తంబాకు కంపెనీ ఇస్తుంది, బీడీలు ఆమె ఇంట్లోనే చేస్తుంది, కాని తెచ్చి అప్పజెప్పినప్పుడు వాటిని బాగా లేవని తీసి పారేసే హక్కు కంపెనీకి ఉంది. ఆ హక్కు ఉంటే అజమాయిషీ ఉన్నట్టే. పక్కన నిలబడి గదమాయించే మేస్త్రీ అవసరం లేదు. కాదనే హక్కు ఎవరి చేతిలో ఉందో చూస్తే యజమాని ఎవరో తెలిసిపోతుంది.

బీడీలు చేసే ఇంటిని తెలిసినవాళ్లకు ఇది వివరించనక్కరలేదు. రాత్రి ఆకు తడిపి గుడ్డలో చుట్టి పెట్టుకోవాలి. పొద్దున రేకు అచ్చు పెట్టి కత్తిరించాలి. ఈనె గట్టిగా ఉన్న ముక్క పక్కకు పోతుంది. తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం చుట్టాలి. ఇదంతా వంట మధ్యన, పిల్లల మధ్యన. ఆకు చాలకపోతే లెక్క మాత్రం తగ్గదు, తక్కువ పడిన ఆకు ఆమే కొనాలి. సాయంత్రం కార్ఖానాలో ఒకతను కట్ట విప్పి, చేత్తో నలిపి చూసి, వాటిలో కొన్నింటిని పక్కన పడేస్తాడు. వాటికి కూలి లేదు. అవి మళ్లీ ఇంటికి కూడా రావు. ఆమె చేసిన వస్తువు పనికిరాదని చెప్పేవాడికి బీడీ చుట్టడం రాకపోవచ్చు. అది అక్కర లేదు కూడా.

మార్క్స్ 1844 రాతప్రతుల్లో పరాయీకరణ గురించి రాస్తూ, పని చేస్తున్నప్పుడు కార్మికుడు తన ఇంట్లో ఉన్నట్టు ఉండడని, పని లేనప్పుడే ఇంట్లో ఉన్నట్టు ఉంటాడని అంటాడు. ఫ్యాక్టరీని దృష్టిలో పెట్టుకొని చెప్పిన మాట ఇది. మల్యాల మండలంలో ఒక అరుగు మీద దీన్ని పెట్టి చూస్తే ఏమవుతుంది? ఆమె ఇంట్లోనే ఉంది. పని కూడా అక్కడే ఉంది. ఫ్యాక్టరీ కార్మికుడికి సాయంత్రం సైరన్ మోగితే ఇల్లు మొదలవుతుంది, ఈమెకు ఇల్లు ఎప్పుడు మొదలవుతుంది? మన కథకులు అడగవలసిన ప్రశ్న ఇది. దగ్గు దగ్గర ఆగిపోతే ఈ ప్రశ్న రాదు. దగ్గుకు మందు రాసి ఇవ్వవచ్చు.

పనిలో ఆనందం అనే భావనను మితవాదులకు ధారాదత్తం చేయనక్కరలేదు. ఆ మాటను సోషలిస్టు ఉద్యమంలో నుంచే గట్టిగా చెప్పినవాడు విలియం మోరిస్. 1890లో రాసిన ‘న్యూస్ ఫ్రమ్ నోవేర్’లో ఆయన ఊహించిన సమాజంలో మనుషులు చేతిపనిని ఇష్టపడి చేస్తారు, ఎందుకంటే వాళ్లను తరిమే లాభం అక్కడ లేదు. (ఆయన సొంత సంస్థ తయారు చేసిన పరదాలు, గోడకాగితాలు ధనికులకే అందేవి. ఆ సంగతి ఆయన్ను చివరిదాకా బాధపెట్టింది.) గాంధీజీ రాట్నాన్ని మనం విమర్శించేటప్పుడు కూడా ఒక విషయం దాచకూడదు. రాట్నం మీద ఎన్ని భజనలు పాడినా, నూలు వడికే స్త్రీలకు ఇస్తున్న కూలి బతకడానికి చాలదని, దాన్ని పెంచి తీరాలని 1935లో పట్టుబట్టింది ఆయనే. ఆనందం కూలికి బదులు కాదని ఆయనకు తెలిసింది. మెట్‌పల్లి ఖాదీ కట్టుకొని ఉపన్యాసాలిచ్చినవాళ్లలో ఎందరికి తెలిసిందో చెప్పలేం.

ఇప్పుడు బతుకమ్మ. తాంబాళంలో గుమ్మడాకులు పరుస్తారు. తంగేడు పూలు గుండ్రంగా ఒక వరుస, దాని మీద గునుగు. గునుగు తెల్లగా ఉంటుంది కనుక కొసలు రంగులో ముంచి ఎర్రవి, పచ్చవి చేసుకుంటారు. కాడలు ఒకే పొడవుకు కత్తిరించి, చిన్న చిన్న కట్టలుగా దారంతో కడతారు. బీడీల ఇంట్లో దారానికీ కత్తెరకూ కరువు లేదు. నడుమ ఖాళీ మిగిలితే బతుకమ్మ కుంగిపోతుంది కనుక ఆకులూ, తరిగిన కాడలూ కూరాలి. పైకి పోను పోను వరుస సన్నబడాలి. ఒక పక్క ఒరిగితే మళ్లీ విప్పాలి. కొసన గుమ్మడి పువ్వు, పసుపు గౌరమ్మ. ఇందులో ఉన్న నేర్పు బీడీ చుట్టడంలో ఉన్న నేర్పుకు చాలా దగ్గరిది. కత్తిరించడం, చుట్టడం, కట్టడం, లెక్క తప్పకుండా పేర్చడం అన్నీ అవే వేళ్లకు తెలిసిన పనులు. ఒళ్లు నొయ్యడం కూడా అంతే. నడుము వంచి రెండు మూడు గంటలు.

చేతులు అవే, అరుగు అదే, ఇల్లు అదే. ఒకదానిలో ఆనందం ఉంది, ఇంకోదానిలో అది దొంగచాటుగా తప్ప రాదు. కనుక ఆనందం చేతిపని అనే దానిలోనే ఉందని చెప్పేవాళ్లది తప్పు, ఇల్లు అనే దానిలోనే ఉందని చెప్పేవాళ్లది అంతకన్నా పెద్ద తప్పు. బతుకమ్మను పేర్చినప్పుడు పూలు కోసుకొచ్చిందీ, ఎత్తు నిర్ణయించిందీ, సాయంత్రం నీళ్లలో వదిలేదీ ఆ ఇంటివాళ్లే. దాన్ని ‘ఇది కాదు’ అని పక్కన పడేసే మనిషి లేడు. కళ్లు మాత్రం ఉన్నాయి. వాకిట్లో అన్ని బతుకమ్మలూ ఒకచోట పెట్టినప్పుడు ఎవరిది ఎత్తు, ఎవరిది ఒరిగింది, ఎవరు కాగితం పూలు కలిపారు అని వంద కళ్లు చూస్తాయి, మూతి విరుపులు కూడా ఉంటాయి. అయితే ఆ చూసేవాళ్లంతా పేర్చినవాళ్లే. వాళ్ల తీర్పుతో ఆమె మురుస్తుంది, లేదా వచ్చే ఏటికి పట్టుదల పెంచుకుంటుంది. తీర్పు వేరు, తిరస్కారం వేరు. సాహిత్య విమర్శ కూడా ఈ రెంటిలో ఏది చేస్తున్నదో అప్పుడప్పుడు చూసుకోవడం మంచిది. కవిత కట్ట విప్పి నలిపి చూసే కార్ఖానా మనుషులు మన పత్రికల్లోనూ లేకపోలేదు.

బతుకమ్మను ఎత్తిచూపేటప్పుడు దాన్ని స్వర్గం చేయకూడదు. అన్ని వాడల ఆడవాళ్లూ ఒకే చోట ఆడిన ఊళ్లు ఎన్ని అని అడిగితే పండుగ మీద రాసే పొగడ్తల వ్యాసాలు మౌనం వహిస్తాయి. 2014లో అది రాష్ట్ర పండుగ అయింది. 2017 నుంచి కొన్నేళ్లు ప్రభుత్వం బతుకమ్మ చీరలను సిరిసిల్ల మరమగ్గాల మీద నేయించి పంచింది. నేతగాళ్ల ఆత్మహత్యలతో పత్రికలకెక్కిన ఊరికి దానివల్ల కొన్ని నెలల పని దొరికింది, ఆ మేరకు మంచిదే. చీరతో పాటు పండుగకు ‘ఇచ్చేవాడు’ ఒకడు వచ్చాడన్నది మాత్రం మనం గమనించాలి. ఇచ్చినవాడు వేదిక మీద కూర్చుంటాడు, ఎవరి బతుకమ్మకు మొదటి బహుమతో వేదికే చెబుతుంది.

ఇంట్లోకి వద్దాం. కంపెనీ రాకముందు ఇంట్లో కాదనే హక్కు ఎవరి చేతిలోనూ లేదా? కంచం తోసేసి లేచిపోయే మొగుడి చేతిలో ఉంది. ఉప్పు చాలలేదని వదినెల ముందు చెప్పే అత్త చేతిలో ఉంది. విమల ‘వంటిల్లు’ కవిత మన స్త్రీల కవిత్వంలో మైలురాయి కావడానికి కారణం అది వంటింటిని తిట్టడం కాదు. చిన్ననాటి వంటింటి వాసనలను, ఆ అబ్బురాన్ని ఆమె మొదట ఒప్పుకుంటుంది. ఆ తర్వాతే ఆ గది ఎలా చెర అయిందో చెబుతుంది. మొదటి భాగం లేకపోతే రెండో భాగం నినాదంగా మిగిలేది. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథ ఇంకా లోతుకు పోతుంది. అందులో ఇల్లాలికి ఇల్లు అలకడంలో, ముగ్గు పెట్టడంలో నిజంగానే నేర్పు ఉంది, నిజంగానే సంతోషం కూడా ఉంది. అలా అలుకుతూ అలుకుతూ తన పేరు మరిచిపోతుంది. ఎవరూ ఆమెను కొట్టలేదు. అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోవడం కూడా కాదనే హక్కు ఉన్నవాళ్లు చేసే పనేనని ఆ కథ చెప్పకుండానే చెబుతుంది. చివరకు పేరు గుర్తు చేసేది చిన్ననాటి స్నేహితురాలు. నువ్వు బొమ్మలు వేసేదానివి కదా అని కూడా గుర్తు చేస్తుంది. ముగ్గు వేసే చేతికి ముందు బొమ్మలు వేసే చెయ్యి ఉండేదన్న ఈ వివరాన్ని మన విమర్శకులు తగినంతగా పట్టించుకోలేదని నా అభిప్రాయం.

చాసో ‘వాయులీనం’లో ఇల్లాలి జబ్బు ఖర్చుకు ఇంట్లో ఉన్న ఫిడేలు అమ్ముడుపోతుంది. దాని బదులు ఆమెకు చీర వస్తుంది. మొగుడు చెడ్డవాడు కాదు. చాసో అతన్ని ఒక్క మాట అనడు. పేద ఇంట్లో ఎవరికీ కోపం రాకుండానే ఏది ముందు అమ్ముడుపోతుందో చూపించి ఊరుకుంటాడు. గృహజీవితపు ఆనందం గురించి రాయదలచిన యువ రచయితలు ఆ కథను పది సార్లు చదవాలి. రంగనాయకమ్మ కూడా ‘స్వీట్ హోం’లో నవ్విస్తూ మొదలుపెట్టిన ప్రశ్ననే తర్వాత ‘ఇంటిపని–బయటిపని’లో సిద్ధాంత చర్చగా తీసుకున్నారు. ఆ నవ్వు పోయిందని బాధపడేవాళ్లున్నారు. నేనూ కొంత బాధపడతాను.

కరీంనగర్ గడ్డ నుంచి వచ్చిన కథ, నవల తెలుగు సాహిత్యానికి కొత్త రక్తం ఎక్కించాయి. అల్లం రాజయ్య ‘కొలిమి అంటుకున్నది’ (1979) చదివినవాళ్లకు ఆ భాష, ఆ వేడి మరుపు రావు. ఆ ఒరవడిలో భూమి, దొర, జీతగాడు, సంఘం కథకు కేంద్రం. అడవిలో తునికాకు కట్ట రేటు మీద నడిచిన పోరాటాలు కూడా రచనల్లోకి వచ్చాయి. ఏప్రిల్, మే ఎండల్లో యాభై ఆకుల చొప్పున కట్టిన ఆ కట్ట అడవి దాటి, గోదాము దాటి, ఒక అరుగు మీదికి చేరాక మాత్రం కథ దాని వెంట రాలేదు. ఆకు కోసిన చేతికి చరిత్ర దొరికింది. చుట్టిన చేతికి దొరకలేదు. అక్కడ జెండా లేకపోవడం, ఎదురుగా దొర లేకపోవడం, పని ఇంటి రూపంలో ఉండటం దీనికి కారణాలు. ఇల్లు కనబడగానే మన కథ వర్గపోరాటాన్ని గడప బయట విడిచి లోపలికి పోతుంది.

గడప లోపల ఏముందో తెలిసినవాళ్లు రాస్తే చాలా ఉంది. ఈ ప్రాంతంలో పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు పిల్లకు బీడీలు వచ్చా అని అడగడం అందరికీ తెలిసిందే. అంటే నేర్పు కట్నంలో భాగమైంది. అదే నేర్పు ఆ పిల్లకు అత్తింట్లో ఒక పిడికెడు ధైర్యం కూడా ఇచ్చింది: తన పేరు మీద ఒక కార్డు, తన లెక్క, కొన్ని ఇళ్లలో భవిష్యనిధి, 2015లో నెలకు వెయ్యి రూపాయలతో మొదలైన జీవనభృతి. బీడీల పనిలో దొంగచాటుగా వచ్చే ఆనందం అన్నానే, అదీ ఉంది. నలుగురు ఒక అరుగు మీద చేరి పందెం వేసుకుని చుట్టడం, చూడకుండా చుట్టగలనని వేళ్లకున్న గర్వం, మధ్యలో ఊరందరి ముచ్చట్లు. ఇది రాస్తే దోపిడీని తక్కువ చేసినట్టవుతుందని భయపడేవాళ్లు ఒకటి ఆలోచించాలి. దోపిడీ ఆ వేళ్ల బలాన్నీ ఆ నవ్వునూ కూడా వాడుకుంటుంది. ఏం తీసుకుపోతున్నారో రాయకుండా తీసుకుపోతున్నారని మాత్రం రాస్తే పాఠకుడికి నష్టం ఎంతో ఎలా తెలుస్తుంది?

బొంత గురించి రెండు మాటలు. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, వాటి మీద సన్నగా పోగులు వేసి కుట్టే బొంతలు ఈ ఊళ్లలో పుట్టిన పిల్లకు మొదటి పడక. అమ్మమ్మ చీర, తల్లి చీర, కొన్నిసార్లు చచ్చిపోయిన మేనత్త చీర అందులో ఉంటాయి. కుట్టు వంకర పోయినా ఎవరూ తీసి పారేయరు. బొంతలు ఇప్పుడు పట్టణాల ప్రదర్శనల్లో అమ్మకానికి కూడా వస్తున్నాయి. రేపు అక్కడ కుట్టు వంకర పోతే ఎవరు ఏమంటారన్నది ఒక మంచి కథకు వస్తువు.

అంతకన్నా దగ్గరి వస్తువు ఇంకోటి ఉంది. సద్దుల బతుకమ్మ నాడు పొద్దున్నే, ముందు రోజు రాత్రి దాకా చుట్టిన కట్టలు కార్ఖానాకు పట్టుకుపోయి, ఎన్ని తీసి పారేశారో లెక్క చూసుకొని, ఆ చికాకుతోనే తిరిగొస్తూ చెరువు గట్టు మీద తంగేడు కోసుకొని, తంబాకు వాసన పోని వేళ్లతో ఇంటికొచ్చి తాంబాళం కడిగే మనిషి నేను చదివిన కథల్లోకి ఇంకా రాలేదు.